లారీ యింజను విడిభాగములు: కంపెనీ పెట్టెయా, బజారు పెట్టెయా?

జువ్వలదిన్నెయందును, చుట్టుపట్టుల గ్రామములయందును వరిమళ్లు, రొయ్యల చెఱువులు గల మన సభ్యులలో కొందఱు సొంత లారీలు నడుపుచున్నారు. ధాన్యము మిల్లునకు చేరవలెనన్నను, పట్టుబడి చేసిన రొయ్యలు మంచుగడ్డలతో శీతల గిడ్డంగికి పోవలెనన్నను, రేవున దిగిన చేప జాతీయ రహదారి 16 ఎక్కవలెనన్నను లారీయే గతి. ఎడ్లబండి దినములలో ఇరుసు విరిగినచో ఊరి వడ్రంగియే చక్కబెట్టెడివాడు. ఇప్పుడు యింజను విప్పిన మేస్త్రి చిన్న కాగితముపై సామాను పట్టీ వ్రాసి యిచ్చును. ఆ పట్టీతో కావలికో నెల్లూరికో పోయిన సభ్యునకు ఒకే వస్తువునకు రెండు వెలలు వినవచ్చును. "కంపెనీది కావలెనా, బయటిది కావలెనా?" అని దుకాణదారుడు అడుగును. కొన్ని వస్తువులలో రెండు వెలలకును సగమునకు సగము భేదముండును.

ఎరువుల మాటలు, విత్తనముల మాటలు చెప్పవలసిన మేము ఇనుప సామానుల సంగతి యెత్తుకొనుట కొందఱకు వింతగా తోచవచ్చును. కాని బాడుగ లారీయైనను, సొంత లారీయైనను దాని ఖర్చు తుదకు పుట్టి ధాన్యముమీదను, కిలో రొయ్యమీదను పడునదే. సంఘమున ఋణము కోరి వచ్చు దరఖాస్తులలో "ఇంజను పని" అను మాట తఱచుగ కనబడుచున్నది. అంతియే కాదు. పై ప్రశ్నకు మేము ఒకప్పుడు ఏమాత్రము తడుముకొనక "కంపెనీదే కొనుడు, భయము లేదు" అని ఒక సభ్యునకు ఉత్తరువు వేసినట్లు చెప్పియుంటిమి. ఆ మాట నమ్మి ఆయన పడిన నష్టము మాకు నేటికిని మఱపు రాలేదు. దానిని క్రింద చెప్పెదము.

మొదట ఈ వస్తువులను చేయువారెవరో తెలిసికొనవలెను. లారీమీద ఎవరి పేరున్నదో వారే అందలి ప్రతి వస్తువును పోతపోసి చేయుదురని మనలో చాలమంది నమ్మకము. అది నిజము కాదు. 1948లో మద్రాసున ఆరంభమై ఎన్నూరున కర్మాగారము కట్టిన అశోక్ మోటార్సు 1955లో అశోక్ లేలాండ్ అయినది. టాటావారు 1954లో జర్మనీ దేశపు డైమ్లర్ బెంజి కంపెనీతో ఒడంబడిక చేసికొని జంషెడ్‌పూరున లారీలు చేయసాగిరి. ఆ దినములలోనే వాని ప్రక్కన వేఱు కర్మాగారములు పుట్టినవి. పిస్టనులకు మద్రాసున ఇండియా పిస్టన్సు 1949లోను, డీజిలు పంపులకు, నాజిళ్లకు బెంగుళూరున మైకో 1951లోను, పిస్టను రింగులకు గోయెట్జి 1954లోను, యింజను వాల్వులకు రాణేవారి కర్మాగారము 1959లోను ఏర్పడినవి. స్టార్టరు, డైనమో మున్నగు విద్యుత్తు సామానులకు మద్రాసు ప్రక్కన పాడియందు లూకాస్ టి.వి.యస్. 1961లో వెలసినది. లారీ కంపెనీ నమూనా గీసి, కొలతలు నిర్ణయించి, ఇట్టివారిచేత వస్తువులు చేయించుకొని, పరీక్షించి తన యింజనులో బిగించును. అదే వస్తువును తన పెట్టెలో పెట్టి, తన ముద్ర వేసి విడిగా అమ్మును. చేసినవాడు తన పేరిటి పెట్టెలో పెట్టి మఱియొక వెలకు అమ్ముటయు గలదు.

కావున బజారులోని సరుకు రెండు తెగలు కాదు, నాలుగు తెగలు. లారీ కంపెనీ పెట్టెలో వచ్చునది మొదటిది. లేలాండ్‌వారు దానికి లేపార్ట్స్ అని పేరు పెట్టినారు. ఆ కంపెనీకి సరఫరా చేయువాడే తన సొంత పెట్టెలో అమ్మునది రెండవది. కంపెనీకి ఎన్నడును సరఫరా చేయకున్నను తన పేరు, తన ఊరు పెట్టెమీద ధైర్యముగా వ్రాసికొని అమ్మునది మూడవది. ఇందు మంచివియు గలవు, చెడ్డవియు గలవు. ఇతరుని పేరు, ఇతరుని ముద్ర దొంగిలించి అమ్మునది నాలుగవది. మనవారు డూప్లికేటు అనునది ఇదియే. మూడవదానిని కూడ డూప్లికేటనుట అన్యాయము. తన పేరు చెప్పుకొని అమ్మువాడు చిన్నవాడు కావచ్చును గాని దొంగ కాడు.

మా యనుభవమున రైతునకు లాభము ఎక్కువగా దొరకునది రెండవ తెగలో. వస్తువు అదే, లారీ కంపెనీ పెట్టె ఖరీదు తగ్గును. ఐనను ఒక జాగ్రత్త గలదు. ఒకే తయారీదారుడు ఒకే తరహా యింజనునకు రెండు మూడు రకముల పిస్టనులు చేయవచ్చును. పేరు చూచి తృప్తిపడక, పాత వస్తువుమీది పార్టు నంబరు, గ్రేడు అక్షరము, కొలత మూడును క్రొత్తదానితో సరిపోల్చవలెను. పాత పిస్టనును కడిగించక ముందే దుకాణమునకు తీసికొని పోవువారు కలరు. మసిక్రింద అక్షరములుండును. కిరసనాయిలుతో శుభ్రము చేయించి, తలమీది గుర్తులు కాగితముపై వ్రాసికొని మఱి పొండు.

ఇక ఏ వస్తువు ఏ తెగలో కొనవలెనని నిర్ణయించుటకు మేము ఒకటే ప్రశ్న వేసికొందుము. ఈ వస్తువు చెడినచో తాను మాత్రమే చెడునా, ప్రక్కవానిని కూడ చెఱచునా? ఒంటరిగా చెడు వస్తువునందు చౌక చూచిన ఫరవాలేదు. చీడ అంటించు మొక్కవలె ఇతరులను చెఱచు వస్తువునందు చౌక చూడరాదు.

నూనె ఫిల్టరునే చూడుడు. చూచుటకు డబ్బా, వెల స్వల్పము. లోపల మడతలు పెట్టిన కాగితము, ఆ కాగితమును రెండు కొనలయందు పట్టియుంచు జిగురు, కాగితము పూడిపోయినపుడు నూనె ఆగిపోకుండ తెఱచుకొను చిన్న వాల్వు ఉండును. చౌక ఫిల్టరులో కాగితపు మడతలు తక్కువ. జిగురు వేడినూనెకు ఊడును. వాల్వు స్ప్రింగు బలహీనమైన యెడల కాగితము మంచిదైనను నూనె దానిని దాటి మురికితోనే పోవును. ఆ నూనె పోవునది బేరింగులకు. బేరింగునకును క్రాంకునకును నడుమ సందు మిల్లీమీటరులో నూఱవ వంతులు నాలుగు మొదలు పది వఱకు ఉండును. మన తలవెండ్రుక మందము సుమారు 0.07 మిల్లీమీటరు. ఆ సందులో నడుచు నూనెపొరయే క్రాంకును మోయుచున్నది. అందు ఇసుకరేణువు చొచ్చిన ఏమగునో చెప్పనక్కఱలేదు.

లెక్క వేసి చూతము. అంకెలు ఉదాహరణకు మాత్రమే. మీ బిల్లులను బట్టి మార్చుకొనుడు. ఒక ఫిల్టరుమీద 200 రూపాయలు మిగిలినవనుకొందము. సంవత్సరమునకు నాలుగు మార్లు మార్చిన మిగులు 800. క్రాంకునకు గీతలు పడి లారీ పది దినములు నిలిచెననుకొందము. దినమునకు 3,000 రూపాయల రాబడి చొప్పున 30,000 పోయినవి. లేతు కూలి, బేరింగులు, మేస్త్రి కూలి ఇందు చేరలేదు. ముప్పదియేడు సంవత్సరములు చౌక ఫిల్టరులు వాడి మిగిల్చినది పది దినములలో పోయినది! బండియందు మంచులో రొయ్య యున్నపుడు నిలిచినచో ఆ లెక్క వేఱు. అది వ్రాయుటకు మాకు చేయి రాదు.

గాలి ఫిల్టరును ఇట్టిదే. మన తీరమున ఇసుక దిబ్బలు, చెఱువు కట్టల దుమ్ము. ఆ దుమ్ము రింగులను, లైనరును ఆకురాయివలె అరగదీయును. కంపెనీది గాని, కంపెనీకి సరఫరా చేయువానిది గాని తప్ప వేఱొకటి వాడరాదు. దానిని టైరుషాపు గాలితో ఊది ఊది మఱల పెట్టువారు కలరు. కాగితమున కంటికి కానరాని చిల్లి పడిన పిదప అది ఉన్నను లేనట్లే.

బెల్టులు, రబ్బరు గొట్టములు, క్లిప్పులు, బల్బులు, సైలెన్సరు డబ్బా మున్నగువానికి లారీ కంపెనీ పెట్టె కొఱకు ఎక్కువ వెల ఈయవలసిన పని లేదు. పేరున్న బెల్టు కంపెనీ సొంత పెట్టె చాలును. ఒక బెల్టు సీటు క్రింద పడియుండనిండు.

బేరింగులు, రింగులు, పిస్టనులు, లైనరులు, హెడ్డు గ్యాస్కెటు: వీనిలో పెట్టె కంటె కొలత ముఖ్యము. బేరింగులు స్టాండర్డు గాక 0.25, 0.50, 0.75 మిల్లీమీటరుల చొప్పున మెట్లుగా వచ్చును. క్రాంకును ఎంత అరగదీసిరో దానికి సరిపడు మెట్టు తేవలెను. పిస్టను రింగును లైనరులో ఒంటిగా దించి, పిస్టను తలతో సమముగా త్రోసి, రెండు కొనల నడుమ సందును ఫీలరు గేజితో కొలువవలెను. నూఱు మిల్లీమీటరుల బోరునకు మొదటి రింగు సందు సుమారు 0.3 మొదలు 0.4 వఱకు ఉండుట సామాన్యము. మీ యింజను పుస్తకములో వేఱు అంకె యున్న అదియే ప్రమాణము. సందు బొత్తిగా లేకున్న రింగు వేడికి వ్యాకోచించి కొనలు ఒకదానినొకటి పొడుచుకొని విరుగును. ఎక్కువైన నూనె పొగ. "టాప్" అని చెక్కిన వైపు పైకుండవలెను. ఇంత పరీక్షకు పావుగంట చాలును. ఐనను మా కంటియెదుట ఈ పరీక్ష చేసిన మేస్త్రులను చేతివ్రేళ్లపై లెక్కింపవచ్చును.

మేము చదివిన మిషను పాఠశాలలో వడ్రంగము నేర్పిన ఉపాధ్యాయులు, కొలబద్ద లేక వచ్చిన బాలునిచేతికి ఆ దినమంతయు రంపము ఇచ్చెడివారు కారు. కట్టెలు మోయుటయే వాని పని. ఇంజను విప్పు స్థలమున మైక్రోమీటరు, ఫీలరు గేజి లేని మేస్త్రియెడ మాకు ఆ పాఠశాల జ్ఞప్తికి వచ్చును. కంపెనీ పెట్టెలోని బేరింగును తప్పు కొలత క్రాంకుపై బిగించిన, అది బజారు బేరింగు కంటె ఒక్క దినము ఎక్కువ బ్రతుకదు.

డీజిలు నాజిళ్లు, ఇంజెక్టరుల మాట వేఱు. ఇచ్చట మేము రాజీపడము. నాజిలులోని సూదికిని దాని గూటికిని గల సందు తలవెండ్రుక మందములో ఇరువదవ వంతు. చిల్లుల లెక్క, కోణము తప్పిన నాజిలు డీజిలును పొగమంచువలె గాక ధారగా కొట్టును. ఆ ధార పిస్టను తలకు చిల్లి పెట్టును. 2020 ఏప్రిలు 1 నుండి అమ్మబడిన బి.యస్. 6 లారీలలో ఇది మఱింత కఠినము. లారీ టైరులో గాలి సుమారు 8 బార్లుండగా, కామన్ రైలు గొట్టములో డీజిలు 1,600 బార్ల వఱకును, కొన్నింటిలో అంతకు మించియు ఉండును. ఇట్టి ఇంజెక్టరులు పెక్కింటిమీద ఒక సంకేతాక్షరముల వరుస చెక్కియుండును. క్రొత్తది బిగించినపుడు ఆ వరుసను యింజను కంప్యూటరునకు తెలుపవలెను. ఆ యంత్రము లేని మేస్త్రిచేత ఈ పని చేయించరాదు.

బి.యస్. 6 మాట వచ్చినది కావున మా శాఖకు సంబంధించిన మాట ఒకటి. ఈ లారీలలో పొగగొట్టమునకు డి.ఇ.ఎఫ్. అను యూరియా ద్రవము పోయుదురు. అందు నూటికి 32.5 పాళ్లు యూరియా, తక్కినది లవణములు తీసిన శుద్ధజలము. "యూరియాయే గదా, బస్తాలోనిది బక్కెట్టులో కలిపి పోసిన పోలేదా?" అని మమ్ము అడిగినవారు ఒక్కరు కాదు. పోయరాదు. పొలమునకు వచ్చు యూరియాకు 2015 నుండి వేపనూనె పూత తప్పనిసరి. అందు బయూరెట్టును ఉండును. అవి పొగ శుద్ధిచేయు పాత్రను పూడ్చివేయును. ఆ పాత్ర వెలతో ఒక జత మంచి ఎడ్లు వచ్చును. మఱియు సబ్సిడీ యూరియాను వ్యవసాయేతర పనులకు మళ్లించుట నేరము.

దొంగ సరుకును పోల్చుటకు ఉపాయములు కొన్ని కలవు. అచ్చు మసకగా నుండుట, హోలోగ్రాము వంచినపుడు మారకుండుట, పెట్టెమీది నంబరు వస్తువుమీది నంబరుతో కలియకుండుట, వెల ముద్ర లేకుండుట. కొన్ని కంపెనీల పెట్టెలమీది చతురపు సంకేతమును సెల్‌ఫోనుతో చదివించి నిజమో కాదో తెలిసికొనవచ్చును. వీని కన్నింటికంటె మంచి పరీక్ష తూకము. పాత ఒరిజినల్ ఫిల్టరును నూనె కార్చి, క్రొత్తదానిని ప్రక్కన త్రాసులో పెట్టుడు. దొంగవాడు కాగితమును, రేకును తగ్గించనిదే లాభము తీయలేడు.

ఖాళీ పెట్టెలను పాత సామానువానికి చెక్కుచెదరకుండ అమ్ముట మన యిండ్లలో వాడుక. ఆ పెట్టె మరునాడు మఱియొకనికి వల యగును. చించివేయుడు, పాత నాజిలు మొనను సుత్తితో కొట్టి మఱి అమ్ముడు. 1999 సంవత్సరపు ట్రేడుమార్కుల చట్టము 103, 104 సెక్షనుల క్రింద దొంగముద్ర వేయువానికిని, అట్టి సరుకు అమ్మువానికిని ఆరు నెలల నుండి మూడు సంవత్సరముల వఱకు కారాగారము, 50,000 మొదలు 2 లక్షల రూపాయల వఱకు జరిమానా గలవు. కాని బిల్లు లేనివాడు ఏ యధికారి కడకు పోగలడు? "బిల్లు లేకున్న పన్ను మిగులును" అను మాట విని పలువురు మోసపోయిరి. 2025 సెప్టెంబరు 22 నుండి 28 శాతము పన్ను గల మోటారు విడిభాగములును 18 శాతమునకు దిగినవి. ఆ మిగులు ఇప్పుడు మఱింత చిన్నది. బిల్లుమీద వస్తువు పేరు మాత్రమే గాక తయారీదారుని పేరు, పార్టు నంబరు వ్రాయించుకొనుడు.

క్రొత్త లారీ గలవారికి గ్యారంటీ భయము. బయట ఒక్క స్క్రూ బిగించినను గ్యారంటీ పోవునని షోరూమువారు చెప్పుదురు. 2014 ఆగస్టు 25న భారత పోటీ కమిషను 14 కారు కంపెనీలపై ఇచ్చిన తీర్పు చదువదగినది. విడిభాగములను బయటి బజారునకు, బయటి మేస్త్రులకు అందనీయలేదని ఆ కంపెనీలకు మొత్తము 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసిరి. బయట మరమ్మతు చేయించినంత మాత్రమున గ్యారంటీ యంతయు రద్దు చేయరాదనియు, ఆ మరమ్మతు లోపమువలన కలిగిన నష్టము మేరకే నిరాకరింపవచ్చుననియు అందు కలదు. అది కార్ల వ్యవహారము. దానిపై అప్పీళ్లును నడచినవి. లారీకి మీ చేతనున్న గ్యారంటీ కాగితమే చదువుకొనవలెను. మా సలహా యేమనగా, గ్యారంటీ కాలము గడచువఱకు యింజను లోపలి పనిని కంపెనీ స్థలముననే చేయించుడు. అది గడచిన పిదప మీరు స్వతంత్రులు.

పాత సామాను గుఱించి రెండు మాటలు. చెన్నపట్టణమున పుదుపేటకును, బెజవాడ జవహర్ ఆటోనగరునకును పోయి పాత హెడ్డు, పాత బ్లాకు తెచ్చువారు కలరు. పోత ఇనుము కావున పగుళ్ల పరీక్ష, నీటి ఒత్తిడి పరీక్ష చేయించి తెచ్చిన దోషము లేదు. పాత బేరింగు, పాత రింగు, పాత హెడ్డు బోల్టు మాత్రము ఎవరు ఊరక ఇచ్చినను తీసికొనరాదు. కొన్ని బోల్టులు బిగించునపుడే సాగునట్లు చేయబడినవి. అవి ఒక మారు సాగిన మఱల పనికిరావు.

ఇక పైన చెప్పెదమన్న సంగతి. కొన్ని సంవత్సరముల క్రిందట మన సభ్యులలో ఒకరు, తడి లైనరులు గల ఆరు సిలిండరుల యింజను లారీని సంఘపు ఋణముతో పని చేయించిరి. తడి లైనరనగా, దాని వెలుపలి గోడకు రేడియేటరు నీరు నేరుగా తగులుచుండును. ఆయన బజారు సెట్టు వేయించిరి. పంట కాలము పూర్తికాక మునుపే నూనెకడ్డీ తీసి చూడగా నూనె మజ్జిగవలె తెల్లబడియుండెను. యింజనులో నీరు దిగినది. విప్పి చూడగా నాలుగవ లైనరునకు చిల్లి. దుకాణదారునితో తగవు జరిగెను. అతడు తన సరుకున లోపము లేదనెను. సభ్యుడు మావద్దకు వచ్చి విచారింపగా మేము వెనుక ముందు చూడక, "చౌక సెట్టు వేసితివి, అనుభవించితివి. కంపెనీ పెట్టె తెమ్ము, భయము లేదు" అంటిమి. సంఘపు కమిటీలో మేమే చెప్పి రెండవ ఋణము ఇప్పించితిమి.

ఆయన భార్య చేతి గాజులు కుదువబెట్టి తక్కిన పైకము సమకూర్చినట్లు మాకు పిదప తెలిసినది. కంపెనీ సెట్టు వచ్చెను, బిల్లు వచ్చెను, మేస్త్రి కొలతలు తీసి బిగించెను. రెండవ సంవత్సరము నిండకుండ మఱల మజ్జిగ. ఈసారి రెండు లైనరులకు చిల్లులు.

ఆయన మమ్మేమియు అనలేదు. విప్పిన లైనరును తెచ్చి మా బల్లపై పెట్టి, "అయ్యా, ఇది కంపెనీదే గదా" అని మాత్రము అనెను. మేము ఆ లైనరును చేతికి తీసికొని మొదటిసారి వెలుపలివైపు త్రిప్పి చూచితిమి. లోపలి గోడ అద్దమువలె నున్నది. వెలుపల, పిస్టను ప్రక్కకు ఒత్తు వైపున, పురుగు తిన్న వంకాయవలె వరుసగా గుంటలు. చిల్లి వెలుపలినుండి లోపలికి పడినది గాని లోపలినుండి వెలుపలికి కాదు.

కారణము తెలిసినవారు ఇట్లు చెప్పుదురు. పిస్టను పైకి క్రిందికి పోవునపుడు లైనరును ప్రక్కకు తట్టుచుండును. లైనరు గోడ కంపించును. ఆ కంపమునకు వెలుపలి నీటిలో సూక్ష్మమైన బుడగలు పుట్టి, మరుక్షణము గోడమీదనే పగులును. ఒక్కొక్క బుడగ పగులునపుడు ఉలిదెబ్బవలె చిన్న గుంట పెట్టును. కూలెంటు ద్రవములో ఇందుకు తగిన మందులుండును. అవి లోహముమీద సన్నని పొర కట్టి కాపాడును. ఉత్త నీటిలో ఆ పొర ఉండదు. ఉప్పునీటిలోనైన, గుంటపడిన చోటనే తుప్పు చేరి దానిని లోతు చేయును.

"రేడియేటరులో ఏమి పోయుచున్నావు?" అని అడిగితిమి. "ఇంటి ముందటి బోరు నీరే" అనెను. మన తీరమున బోరు నీటి సంగతి ఎఱుగనిది ఎవరు? ఆ నీటితో నారుమడి పోయరాదని చెప్పుచు ఎన్నో సంవత్సరములుగా నీటి పరీక్షలు చేయించినవారము మేము. మొలకకు పనికిరాని నీరు ఇనుమునకు పనికివచ్చునా యని ఒక్కనాడును తలపోయలేదు. ఆయన రెండు మార్లు యింజను విప్పించినను మేము పెట్టెమీది పేరునే చూచితిమి గాని నీటి సీసాను అడుగలేదు. మొదటి దుకాణదారునిపై మేము పలికిన మాటలును అన్యాయములే. అతని సెట్టు మంచిదో చెడ్డదో నేటికిని ఎవరికిని తెలియదు. దానికి పరీక్షయే జరుగలేదు.

మఱియొకటి కూడ బయటపడినది. వేసవిలో యింజను వేడెక్కుచున్నదని మునుపటి డ్రైవరు ధర్మోస్టాటును పీకివేసెనట. రేడియేటరు గొట్టములు ఉప్పుపొర కట్టి పూడుటచే వేడెక్కినదిగాని ధర్మోస్టాటు దోషము కాదు. అది లేని యింజను తెల్లవారుజామున చాలసేపు చల్లగా నడచి, రింగులను, లైనరులను త్వరగా అరగదీసికొనును. మన లారీలలో ఎన్నింటికి ధర్మోస్టాటు ఉన్నదో విప్పి చూచుకొనుడు. క్రొత్తది కొనునపుడు దానిమీద చెక్కిన ఉష్ణోగ్రత అంకె పాతదానితో సరిపోవలెను. పేరున్న ఏ తయారీదారునిదైనను చాలును.

మూడవసారి ఆయన కంపెనీకి సరఫరా చేయువాని సొంత పెట్టెలోని లైనరులు, రింగులు తెచ్చిరి. లారీ కంపెనీ పెట్టె వెలకంటె తగ్గిన పైకముతో రేడియేటరు విప్పించి కడిగించి, ధర్మోస్టాటు పెట్టించి, లవణములు తీసిన నీటిలో తయారీదారుడు చెప్పిన పాళ్లలో కూలెంటు కలిపి పోయించిరి. ఆ యింజను మఱల విప్పబడలేదు. గాజులు విడిపించుటకు మాత్రము ఇంకను రెండు పంటలు పట్టినవి.

ఆనాటినుండి మన సంఘమున "ఇంజను పని" ఋణ దరఖాస్తుతో మూడు కాగితములు అడుగుచున్నాము. మేస్త్రి తీసిన కొలతల పట్టీ, తయారీదారుని పేరు పార్టు నంబరు గల బిల్లు, రేడియేటరులో పోయు నీటి పరీక్ష. ఏ తెగ సామాను కొనవలెనో సభ్యుని యిష్టము. దొంగ సరుకునకు మాత్రము ఋణము లేదు. ఫిల్టరులను, కూలెంటును నలుగురైదుగురు సభ్యులు కలిసి ఒకే మారు తెప్పించుకొన్న టోకు వెల దొరకును. పేర్లు ఇచ్చినవారి పట్టీని కార్యదర్శిగారు వ్రాయుచున్నారు.

చిల్లిపడిన ఆ లైనరు ఇప్పుడు సంఘ కార్యాలయమున కిటికీ ప్రక్క బల్లపై నున్నది. చూడగోరువారు చూడవచ్చును. నీటిలోని లవణములు కొలుచు టి.డి.ఎస్. పెన్ను కూడ అక్కడనే కలదు. మీ రేడియేటరులో పోయు నీటిని శుభ్రమైన సీసాలో పట్టి, పేరు వ్రాసిన చీటీ అంటించి తెండు.